డాక్టర్ సలహా: గోడకు బూజు, బాబుకు దగ్గు.. బాధ్యత ఎవరిది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము భీమవరంలో ఒక మూడంతస్తుల ఇంట్లో కింది వాటాలో అద్దెకుంటున్నాం. ముసురు పట్టినప్పటి నుంచి పడకగది గోడకు నల్లగా బూజు పడుతోంది. ఆరేళ్ల మా బాబుకు మూడు వారాలుగా రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. ఓనర్ గారిని అడిగితే, ‘మీరు బట్టలు ఇంట్లో ఆరేస్తున్నారు, అందుకే’ అంటున్నారు. దగ్గుకు బూజే కారణమా? గోడ ఎవరు బాగు చేయించాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి చూద్దాం. గోడ సంగతి తేలేదాకా వాడు ఆగలేడు. ఈ రాత్రి నుంచే వాడిని వేరే గదిలో పడుకోబెట్టండి.

పిల్లికూతలు వస్తున్నాయంటే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటున్నాయని అర్థం. బూజు నుంచి లేచే కంటికి కనిపించని రేణువులు, అలర్జీ తత్వం ఉన్న పిల్లల్లో దీన్ని బాగా పెంచుతాయి. బాబును చూడకుండా బూజే కారణమని చెప్పలేను. కానీ అమ్మమ్మగారింట్లో హాయిగా నిద్రపోయి, ఇంటికి రాగానే మళ్లీ దగ్గుతుంటే మాత్రం గోడనే అనుమానించాలి. ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి టీబీ ఉందేమో కూడా చూస్తారు, దానికి టెన్షన్ పడకండి. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని మానేయకండి. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కాబట్టి తక్కువ మోతాదు సరిపోతుంది. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరేస్తున్నా, మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక గోడ. కాలువలు, చెరువుల మధ్య ఉన్న మన డెల్టాలో ఇటుక గోడ నేలలోని నెమ్మును పైకి పీల్చుకుంటుంది. మరక నేల నుంచి రెండు మూడు అడుగుల వరకే ఉండి, సున్నం పొరలుగా రాలి తెల్లటి ఉప్పు కనిపిస్తే అది ఆ నెమ్మే. సీలింగ్ దగ్గరో, బాత్రూం గోడకో ఉంటే పైపు లీకు కావచ్చు. ఈ రెండూ ఓనరు బాగు చేయించాల్సినవే. బీరువా వెనక, మూలల్లో మాత్రమే ఉంటే మాత్రం ఓనర్ గారి మాటలోనూ నిజముంది. బీరువాను గోడకు జానెడు దూరం జరపండి, బట్టలు లోపల ఆరేసినప్పుడు కిటికీ తీసి ఫ్యాన్ వేయండి.

నేను లాయర్ని కాదు. అయినా ప్రతి వానాకాలం ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది కాబట్టి తెలిసింది చెబుతాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, మరమ్మతు అవసరమని ముందు ఓనరుకు తెలియజేయాలి. ఓనరు చేయించాల్సిన మరమ్మతు చెప్పినా చేయించకపోతే, అద్దెదారే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే అదే వర్తిస్తుంది, ముందు అది చదవండి. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం కూడా గోడల సున్నం, పైపుల మార్పు ఓనరుకే అప్పగించింది. కుళాయి వాషర్లు, డ్రైనేజీ శుభ్రం అద్దెదారువి.

అందుకే నోటిమాటతో ఆపకుండా ఫొటోలు తీసి, తేదీతో వాట్సాప్‌లో మర్యాదగా రాసి పంపండి. చెమ్మ ఆగకుండా పైన రంగు వేయిస్తే బూజు మళ్లీ వస్తుంది. తుడిచేటప్పుడు బాబును బయటికి పంపి, మాస్కు పెట్టుకుని సబ్బునీళ్ల గుడ్డతో తుడవండి, పొడి చీపురుతో దులపొద్దు. బ్లీచింగ్, యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది, ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. ఓనర్ గారిని కూడా పిలిచి, ప్లంబరుతో పై వాటా బాత్రూం ఒకసారి చూపించండి.