ఫౌండేషన్ ముఖంలో కలిసిపోవాలి

ప్ర: నాది చామనఛాయ. షాపులో చేతి మీద రాసి చూసినప్పుడు చక్కగా సరిపోయిన ఫౌండేషన్, ఇంటికొచ్చి ముఖానికి రాసుకుంటే బూడిద పూసినట్టుంది. ఇంకో సీసా కొన్నాను. అది పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి ముదురు రంగులోకి తిరుగుతోంది. నేను చేస్తున్న తప్పేమిటి?

జ: రెండు సీసాలవీ రెండు వేర్వేరు సమస్యలు. మొదటిదానికి కారణం మీరు చూసిన చోటు. ముంజేయి లోపలివైపు ఎండ తగలదు కాబట్టి అది ముఖం కంటే తెల్లగా ఉంటుంది. అక్కడ సరిపోయిన షేడ్ ముఖానికి ఒకటి రెండు మెట్లు లేతదవుతుంది. లేత షేడ్లలో తెల్లదనం కోసం టైటానియం డయాక్సైడ్ ఎక్కువ కలుపుతారు. పసుపు, గోధుమ రంగులు కలిసిన చర్మం మీద ఆ తెలుపు, దాంతోపాటు కాస్త గులాబీ పడితే కనిపించేది బూడిద రంగే. కొంచెం తెల్లగా కనిపిద్దామని ఒక మెట్టు లేతది కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి అలా కొనకండి. ముఖం తెల్లబడదు, మెడ దగ్గర గీత పడుతుంది, అంతే.

షేడ్ చూసుకోవాల్సింది దవడ మీద. ముఖం కడుక్కుని, మాయిశ్చరైజర్ మాత్రమే రాసుకుని వెళ్లండి. మీకు సరిపోతుందనిపించిన షేడ్, దానికంటే ఒకటి లేతది, ఒకటి ముదురుది తీసుకోండి. చెంప కింది భాగం నుంచి దవడ ఎముక దాటి మెడ మీదికి వచ్చేలా, రెండు మూడు సెంటీమీటర్ల గీతలు పక్కపక్కనే పెట్టండి. రుద్దొద్దు, అంచుల్ని వేలితో తట్టండి చాలు. తర్వాత కిటికీ దగ్గరికో గుమ్మంలోకో వెళ్లి పగటి వెలుతురులో అద్దం చూసుకోండి. షాపులో పసుపు దీపాల కింద గులాబీ రంగు షేడ్ కూడా పసుపుగానే కనిపిస్తుంది. ఏ గీత అంచు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుందో అదే మీ షేడ్. ముదురుదనం సరిపోయినా గీత విడిగా కనిపిస్తుంటే తేడా అండర్‌టోన్‌లో, అంటే చర్మం లోపలి నుంచి తొంగిచూసే పసుపు, గులాబీ లాంటి ఛాయలో ఉన్నట్టు. గులాబీగా తేలితే పసుపు వైపున్న షేడ్ అడగండి. మరీ నారింజగా తేలితే న్యూట్రల్ (పసుపు, గులాబీ రెండు వైపులకూ మొగ్గనిది), లేదంటే ఆలివ్ (కాస్త ఆకుపచ్చ కలిసినది) అడగండి.

అప్పుడే డబ్బు కట్టేయకండి. కనీసం అరగంట ఆ గీతలతోనే ఉండండి. మీ రెండో సీసా సమస్య బయటపడేది ఈ అరగంటలోనే. ఫౌండేషన్‌లోని నీరు, త్వరగా ఆవిరయ్యే సిలికోన్లు పోయాక రంగు చిక్కబడుతుంది. పైగా చర్మం జిడ్డు రంగు పొడిని తడుపుతుంది. తడిసిన మట్టి పొడి మట్టి కంటే ముదురుగా ఉండదూ, ఇదీ అంతే. దీన్ని అందరూ ఆక్సిడైజ్ అయిందంటారు గానీ, రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్లు పేరులోనే ఉన్నట్టు ముందే ఆక్సిజన్‌తో కలిసినవి, కాబట్టి ఆ మాట ఇక్కడ సరిపోదు. ఉన్న సీసాను పారేయనక్కర్లేదు. పలుచగా రాసుకోండి, ముక్కు, నుదురు మీద కొద్దిగా పౌడర్ అద్దండి, జిడ్డు తేలినప్పుడు టిష్యూతో ఒత్తి తీయండి. అప్పటికీ ముదురుగానే ఉంటే ఒక మెట్టు లేత షేడ్ కలిపి వాడుకోవచ్చు.

ప్ర: మణికట్టు నరాలు ఆకుపచ్చగా ఉంటే వార్మ్ (పసుపు వైపున్న ఛాయ), నీలంగా ఉంటే కూల్ (గులాబీ వైపున్న ఛాయ) అంటారు. నమ్మొచ్చా?

జ: గోధుమ, నలుపు చర్మాలకు నమ్మలేం. నరాల మీదున్న చర్మం రంగే వాటిని ఆకుపచ్చగా చూపిస్తుంది. దవడ గీతలే నమ్మండి. సీసా మీది అక్షరాల్ని కూడా కంపెనీ కంపెనీకి విడిగా చదువుకోవాలి. చాలా చోట్ల సి అంటే కూల్, డబ్ల్యూ అంటే వార్మ్. మ్యాక్ అనే బ్రాండ్‌లో మాత్రం ఎన్‌సి పసుపు వైపున్న చర్మానికి, ఎన్‌డబ్ల్యూ గులాబీ వైపున్నదానికి. అక్షరం చూసి ఆర్డర్ పెట్టి ఇక్కడే చాలామంది పొరపడతారు.

ప్ర: సన్‌స్క్రీన్ మీద ఫౌండేషన్ రాస్తే, రబ్బరుతో చెరిపినప్పుడు వచ్చే తుక్కులా రాలుతోంది. ఫౌండేషన్‌లోనే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ) ఉంది కదా, సన్‌స్క్రీన్ మానేయనా?

జ: మానొద్దు. ఎస్‌పీఎఫ్ అంకెను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి లెక్కిస్తారు. ఫౌండేషన్ ఎవరూ అంత మందంగా రాసుకోరు. ముఖానికీ మెడకీ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా తీసినంత సన్‌స్క్రీన్ విడిగా కావాలి.

తుక్కు రాలడానికి మామూలుగా మూడు కారణాలు. కింది పొర ఆరకముందే పైది రాయడం, ఎక్కువ రాయడం, రుద్దడం. మాయిశ్చరైజర్‌కు 5 నిమిషాలు, సన్‌స్క్రీన్‌కు 10 నుంచి 15 నిమిషాలు ఇవ్వండి. వేలు ఆనించి చూస్తే జారకుండా కాస్త పట్టుకున్నట్టుండాలి. అప్పుడు సగం పంపు ఫౌండేషన్ చేతి వెనక వేసుకుని, తడిపి గట్టిగా పిండిన స్పాంజితో అద్దండి, ముక్కు పక్క నుంచి బయటికి. చాలకపోతే అవసరమైన చోటే ఇంకాస్త. అయినా రాలుతుంటే రెండింటి పదార్థాల జాబితా చూడండి. మొదట నీరు ఉన్నంత మాత్రాన అది వాటర్ బేస్ అనుకోకండి. ఆ వెంటనే డైమెథికోన్, సైక్లోపెంటాసిలోక్సేన్ లాంటివి ఉంటే అది సిలికోన్ రకమే. రెండూ ఒకే రకం అయితే పొరలు పట్టుకుని ఉండే అవకాశం ఎక్కువ.

ప్ర: నుదురు, నోటి చుట్టూ నల్లగా, చెంపల మీద మంగు. ఏ రంగుకు సరిపోయేది కొనాలి?

జ: మెడకు, ఛాతీ పైభాగానికి కలిసే షేడ్. అన్నిటికంటే నల్లగా ఉన్న చోటుకు సరిపోయేది కొంటే ముఖమంతా ఒక మెట్టు దిగుతుంది. మచ్చ మీద నేరుగా ఫౌండేషన్ మందంగా వేస్తే బూడిద రంగు తేలుతుంది కాబట్టి, ముందు నారింజ రంగు కరెక్టర్ (ఫౌండేషన్ కింద రాసి మచ్చ రంగును తగ్గించే క్రీమ్) తీసుకోండి. లేత ఛాయకైతే పీచ్. బియ్యపు గింజంత తీసుకుని నల్లగా ఉన్న చోట మాత్రమే వేలి కొనతో తట్టండి. ఒక నిమిషం ఆగి, దాని మీద ఫౌండేషన్ ఒత్తండి, లాగొద్దు. లాగితే నారింజ పక్కలకు పాకుతుంది. మంగుకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మామూలుదాని కంటే మేలు, కంటికి కనిపించే కాంతిని కూడా అది కొంత ఆపుతుంది. మచ్చలు పెరుగుతుంటే చర్మ వైద్యుల్ని కలవండి.

ప్ర: నుదురు జిడ్డు, చెంపలు పొడి. మెరుపు లేని మ్యాట్ కొనాలా, తడిగా మెరిసే డ్యూయీ కొనాలా?

జ: రెండూ వద్దు, ఆ రెంటికీ మధ్యలో ఉండే సాటిన్ లేదా న్యాచురల్ ఫినిష్ కొనండి. పౌడర్ నుదురు, ముక్కు, గడ్డం వరకే. పెచ్చులు లేచిన చెంప మీద మ్యాట్ వేస్తే ప్రతి పెచ్చూ లెక్కపెట్టేలా కనిపిస్తుంది.

ప్ర: సీసా తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చు? మొటిమలు రాకుండా ఏది కొనాలి?

జ: మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12, ఎం అని ఉంటే తెరిచాక 12 నెలలు. వాసన మారినా, కుదిపినా కలవకుండా నూనె విడిపోయినా అంతకుముందే పారేయండి. నాన్ కామెడోజెనిక్ (చర్మ రంధ్రాల్ని మూసేయదు) అన్న మాటకు అన్ని కంపెనీలూ పాటించే ఒకే పరీక్ష లేదు. చెవి వెనకో, దవడ మీదో కొద్దిగా రాసి 2 రోజులు చూడండి. దురద, ఎరుపు అందులోనే తెలుస్తాయి, మొటిమలు మాత్రం రెండు మూడు వారాలు వాడితే గానీ తెలియవు. స్పాంజిని వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి, గాలి తగిలేచోట పూర్తిగా ఆరనివ్వండి. తడి స్పాంజిని డబ్బాలో మూసిపెడితే లోపల బూజు పడుతుంది, నల్ల చుక్కలు కనిపిస్తే అది ఇక ముఖానికి పనికిరాదు.