మా అమ్మ ‘పెల్లి’ అనేది

చిరంజీవికి,

నీ వ్యాసం నిన్న రాత్రి చదివాను. వచనం బాగుంది. మూడో పేజీ దగ్గర మాత్రం ఒళ్లు మండి పక్కన పడేశాను, పొద్దున మళ్లీ తీశాను. ‘అరసున్న పోయింది, బండి ఱ పోయింది, రేపు ళ పోతుంది, ఎల్లుండి తెలుగే పోతుంది’ అని రాశావు. మొదటి రెండు మెట్ల నుంచి చివరి రెండిటికి ఎలా దిగావో ఎక్కడా చెప్పలేదు.

అరసున్న ఎందుకు పోయింది? వాఁడు అని రాసినా మనం పలికేది వాడు అనే. గుఱ్ఱం, గుర్రం కూడా మన చెవికి ఒకటే. నోట్లో లేనిది రాతలోంచీ జారిపోయింది. ఆ లెక్కన రేపు ఋ పోతుందని రాసుంటే ఒప్పుకునేవాణ్ణి. ఋషిని పేపర్లు రుషి అనే అచ్చేస్తున్నాయి. మొదటి మెట్టు దింపిన కారణమే రెండో మెట్టు దగ్గరా ఉంటే, రేపటి సంగతి ముందే చెప్పడంలో తప్పేమీ లేదు. ళ అలాంటిది కాదు, కల వేరు, కళ వేరు.

నిజం చెప్పాలంటే మా శ్రీకాకుళం వైపు చాలా నోళ్లలో ఆ తేడా కూడా లేదు. మా అమ్మ పెళ్లిని ‘పెల్లి’ అనేది. సరే, ళ కూడా పోనీ. ఆ ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష లేదు కదా! నీ ఆఖరి మెట్టు ఏమైనట్టు?

1910ల్లో గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడుతుంటే, దాన్ని బడిలోకి రానిస్తే జిల్లాకో తెలుగు తయారవుతుందన్నారు పండితులు. చనువిస్తే చంకెక్కుతుందని భయం. జిల్లా మాటలు వేరన్నది నిజమే. కానీ పేపరైనా, పాఠ్యపుస్తకమైనా అన్ని జిల్లాల వాళ్లకీ అర్థం కావాలి. ఆ అవసరమే అడ్డుకట్ట వేసింది. మరీ గట్టిగా వేసింది, మా మాట అవతలే ఉండిపోయింది.

నా మొదటి కథలో ‘ఎల్లిపోనాడు’ కింద ఒక ఎడిటర్ ఎర్రగీత గీసి, ‘ఇది ఒప్పుకుంటే రేపు బూతులూ వెయ్యాలి’ అని రాసి పంపాడు. యాస నుంచి బూతుకి ఆయన ఏ దారిన వెళ్లాడో నాకిప్పటికీ అంతుపట్టలేదు. డబ్బు అవసరం, ‘వెళ్లిపోయాడు’ అని దిద్ది పంపాను. వేశారు. ఆ కథని ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

ఈమధ్య ఇంకో ఫ్యాషన్ వచ్చింది. ‘ఇది జరిగితే అది’ అని ఎవరైనా అనగానే ‘జారుడుబల్ల వాదం’ అని పేరు పెట్టి కొట్టేస్తున్నారు. అది ఒట్టి బద్ధకం. నీ ఐదో పేజీ చూడు. బడిలో తెలుగు చదవని పిల్ల పెద్దయ్యాక పత్రిక కొనదు, కొనేవాళ్లు లేకపోతే పత్రిక నడవదు, పత్రిక లేకపోతే నీలాంటివాళ్ల కథ వేసేదెవరు? అదీ జారుడుబల్లే. కానీ ఒక్కో మెట్టు దగ్గర తోస్తున్న చెయ్యి కనబడుతోంది. 2020లో కరోనా వచ్చి కొన్ని అచ్చు పత్రికలు మూతబడినప్పుడు ఇంకా బాగా కనబడింది. దాన్ని నాలుగు లైన్లలో తేల్చేసి, అరసున్న కోసం రెండు పేజీలు ఏడ్చావు! ఆ రెండు పేజీలూ తీసెయ్. మీ వీధిలో పిల్లల్ని కూర్చోబెట్టి ఎవరు ఏం చదువుతున్నారో అడిగి రాయి.

కలం పేరు గురించి ఏదో అడిగావు, ఇంకోసారి చెప్తాను. ఈసారి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవిగా కొట్టించు, ఈ కళ్లజోడుతో ఋకీ బుకీ తేడా తెలియడం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు