చీకట్లో ఫోకస్ దొరకాలంటే వెలుగు చాలదు, గీతలు కావాలి

మీరు అడిగింది: మసక వెలుతురులో కెమెరా ఫోకస్ కోసం తడుముకుంటోంది, చిన్న టార్చిని లెన్సు పక్కన కడితే ఆటోఫోకస్‌కు సాయపడే దీపంగా పనికొస్తుందా అని. కొంతవరకే పనికొస్తుంది. ఎలాగూ చేత్తో చేసుకోవడానికి పూనుకున్నారు కాబట్టి, ఆ శ్రమేదో గీతలు పడేసే దీపం మీద పెట్టండి. ఈ రెండింటి తేడా నేను కళ్లారా చూశాను.

ఒక నాటకం రిహార్సల్‌కు ఫొటోలు తీస్తున్నాను. వెనక నల్ల తెర, ముందు నల్ల దుస్తుల్లో నటుడు, పక్క నుంచి ఒకే ఒక్క దీపం. షట్టర్ బటన్ సగం నొక్కితే చాలు, లెన్సు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి, తిరిగివచ్చి, ఏమీ తేల్చకుండా ఆగిపోయేది. కెమెరాలో ఉన్న సహాయక దీపం వెలుగుతూనే ఉంది. కానీ లెన్సు ముందు తగిలించే గొడుగులాంటి హుడ్ దానికి అడ్డుపడి, ఫ్రేములో ఒక మూలంతా నీడ కమ్మేసింది. హుడ్ తీసేసినా ఫలితం లేదు. బృందంలో ఒకాయన తన టార్చి తెచ్చి నేరుగా నటుడి ఛాతీ మీద వేశారు. నటుడు కళ్లు చిట్లించాడు, నల్ల చొక్కా కాస్త బూడిదరంగుకు తిరిగింది, అంతే. కెమెరా మళ్లీ తడుముకుంది.

అప్పుడు సంచిలోంచి నేను చేసుకున్న గీతల దీపం గొట్టం తీసి వెలిగించాను. చొక్కా మీద ఎర్రటి గీతలు, ఒకటి సన్నగా ఒకటి లావుగా, గుండీల వరుసను ఏటవాలుగా కోస్తూ పడ్డాయి. లెన్సు ఒక్కసారి కదిలి నిలిచింది. కెమెరా తెర మీద ఫోకస్ గడి ఆకుపచ్చగా మారింది. బటన్‌ను సగం నొక్కులోనే ఉంచి, దీపం ఆర్పి, పూర్తిగా నొక్కాను. తరువాత ఫొటోను పెద్దది చేసి చూస్తే గుండీ కుట్టులో దారం పోగులు కనిపించాయి.

కారణం సులువైనదే. ఆటోఫోకస్ ఏ పద్ధతిదైనా వెలుగునీడల అంచుల్ని పట్టుకునే పని చేస్తుంది. మామూలు టార్చి ఆ చోటంతా సమానంగా వెలిగిస్తుంది, కొత్త అంచును పుట్టించదు. ఖాళీ గోడ మీద, నల్ల గుడ్డ మీద ఎంత వెలుగు పోసినా కెమెరాకు పట్టు దొరకదు. ఈ సంగతి తయారీదారులకు ఎప్పటినుంచో తెలుసు. సోనీ 2001లో ఎఫ్707, మరుసటి ఏడాది ఎఫ్717 కెమెరాల్లో లేజర్‌తో గీతల నమూనా వేసే ఏర్పాటు పెట్టి, దానికి హోలోగ్రామ్ ఆటోఫోకస్ అని పేరు పెట్టింది. డీఎస్ఎల్ఆర్‌ల (లోపల అద్దం ఉండే కెమెరాల) ఫ్లాష్‌లు వేసే ఎర్ర గీతలదీ అదే పని. ఇంత మంచి సదుపాయాన్ని ఆ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు వాడుకోవడం మానేశాయి. అదే ఫ్లాష్‌ను తగిలించినా ఆ గీతలు వెలగవు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక తయారీకి వస్తాను. ఒక వాట్ ఎర్ర ఎల్ఈడీ, మూడు ఏఏ బ్యాటరీలు, ఒక రెసిస్టర్, నొక్కినంతసేపే వెలిగే స్విచ్, 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న చిన్న కుంభాకార కటకం, ఇవన్నీ పట్టే నల్లటి ప్లాస్టిక్ గొట్టం చాలు. మూడు బ్యాటరీలు కలిసి 4.5 వోల్టులు, ఎర్ర ఎల్ఈడీ తీసుకునేది సుమారు 2.2 వోల్టులు. మిగిలిన 2.3ను ఎల్ఈడీకి పంపే 0.35 యాంపియర్‌తో భాగిస్తే 6.6 వస్తుంది, కాబట్టి 6.8 ఓముల రెసిస్టర్ వేయండి. అది వేడెక్కుతుంది, రెండు వాట్లది తీసుకోండి. ఎల్ఈడీని కూడా చిన్న అల్యూమినియం పలక మీద బిగించండి.

అసలు కిటుకు గీతల ముక్కలో ఉంది. పారదర్శక షీటు మీద లేజర్ ప్రింటర్‌తో నల్ల గీతలు అచ్చువేసి, ఎల్ఈడీకి, కటకానికి మధ్య అమర్చాలి. షీటుకు, కటకానికి మధ్య దూరం సుమారు 51 మిల్లీమీటర్లు ఉంటే రెండున్నర మీటర్ల దూరంలో గీతలు స్పష్టంగా పడతాయి. అక్కడ బొమ్మ దాదాపు 49 రెట్లు పెద్దదవుతుంది కాబట్టి 0.2 మిల్లీమీటర్ల గీత ఒక సెంటీమీటర్ పట్టీ అవుతుంది. గీతల ఎడం అంతటా ఒకేలా ఉండకూడదు. దువ్వెన పళ్లలా వరుసగా ఉంటే ఏ గీతను దేనితో జత చేయాలో తేలక కెమెరా తికమకపడుతుంది. వాటిని ఏటవాలుగా పెట్టండి. అడ్డగీతల్ని సరిగా పట్టుకోలేని కెమెరాలు చాలా ఉన్నాయి.

కంటికి కనబడదు కదా అని 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ పెట్టమనే సలహా తరచూ వినబడుతుంది. కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్ ముందున్న ఫిల్టర్ ఆ వెలుగును దాదాపు మొత్తం ఆపేస్తుంది, అది దండగ. లేజర్ పాయింటర్ మాట అసలే ఎత్తకండి. మనిషి ముఖం మీద పడితే కంటికి హాని, అద్దం నుంచి తిరిగివచ్చి సెన్సర్ మీద పడితే దానికీ హాని. ఎరుపు ఎల్ఈడీ మేలు. చీకటికి అలవాటుపడిన కళ్లను తెల్లటి వెలుగంత ఇబ్బంది పెట్టదు.

ఐఎస్‌ఓ (ఫొటో ఎంత వెలుగుగా రావాలో పెంచే అంకె) పెంచితే ఫోకస్ దొరుకుతుందని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. ఆ అంకె తీయబోయే ఫొటోకు సంబంధించినది, ఫోకస్ వెతుకులాటకు కాదు. ఎఫ్/1.4 లెన్సు కొనమనేవాళ్ల మాటలో కొంత నిజం ఉంది, అది వెలుగు ఎక్కువ లోపలికి రానిస్తుంది. ఖాళీ గుడ్డ మీద అంచును మాత్రం అదీ తీసుకురాలేదు.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. హాట్ షూలోకి (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే గాడిలోకి) దూర్చే పాదం ప్లాస్టిక్‌దే ఉండాలి, లోహపుదైతే అక్కడి కాంటాక్టులు షార్ట్ అవుతాయి. ఆ షూ నుంచే దీపాన్ని వెలిగించాలని చూడకండి. దాని మధ్య కాంటాక్టు ఫొటో పడే క్షణంలోనే కలుస్తుంది, అప్పటికి ఫోకస్ సమయం దాటిపోయి ఉంటుంది. దీపానికి విడిగా స్విచ్ పెట్టుకుని, కెమెరాను ఒక్కసారే ఫోకస్ చేసి నిలిచే పద్ధతిలో ఉంచి, షట్టర్ పడేలోపు ఆర్పేయండి.