గోడలోంచి నడిచిపోయే మనిషి నేల మీద ఎలా నిలబడ్డాడు?

మీరు అడిగింది అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’లో 1992 మేలో వచ్చిన ‘ద నెక్స్ట్ ఫేజ్’ ఎపిసోడ్ గురించి. గోడల్లోంచి, బల్లల్లోంచి, చివరికి మనుషుల్లోంచి కూడా నడిచి వెళ్ళిపోతున్న జోర్డీ, రో నేలలోంచి మాత్రం ఎందుకు జారిపోలేదు? ఊపిరి ఎలా పీల్చుకున్నారు? వివరణ ఎక్కడైనా చెప్పారా, లేక నేనే మిస్సయ్యానా అని అడిగారు. మీరేమీ మిస్సవలేదు. ఎపిసోడ్ మొత్తంలో దానికి జవాబు లేదు. నేను కనీసం పదిసార్లు చూసి ఉంటాను, అందులో రెండుసార్లు కేవలం ఈ జవాబు కోసమే చూశాను.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో: రోములన్లు అనే గ్రహాంతర జాతి వాళ్ళ అంతరిక్ష ఓడ ఒకటి ప్రమాదంలో ఉంటే, దానికి సాయం చేయడానికి ఈ సిరీస్‌లోని ప్రధాన అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్ వెళుతుంది. అక్కడి నుంచి ట్రాన్స్‌పోర్టర్‌లో (మనిషిని ఒకచోట మాయం చేసి ఇంకోచోట తేల్చే యంత్రం) తిరిగి రావాల్సిన ఎంటర్‌ప్రైజ్ సిబ్బంది జోర్డీ, రో రారు. చనిపోయారనుకుంటారు. నిజానికి ఇద్దరూ ఎంటర్‌ప్రైజ్‌లోనే ఉన్నారు, కానీ ఎవరికీ కనపడరు, వినపడరు, దేన్నీ ముట్టుకోలేరు. రోములన్లు రహస్యంగా ప్రయోగాలు చేస్తున్న ఒక పరికరం వల్ల వాళ్ళ శరీరాలు మామూలు పదార్థంతో సంబంధం తెగిపోయిన స్థితిలోకి వెళ్ళాయన్నమాట.

మొదటిసారి దీన్ని మా తమ్ముడితో కలిసి చూశాను. జోర్డీ గోడలోంచి బయటికి వచ్చే చోట వాడు టక్కున పాజ్ నొక్కి, తెర మీద జోర్డీ బూటు దగ్గర వేలు పెట్టి, “అక్కా, మరి ఇదేంటి?” అన్నాడు. బూటు కార్పెట్ మీద చక్కగా ఆని ఉంది. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. తట్టాక ఇక వదల్లేదు. ఆ రాత్రి కథ ఏమైందో కూడా సరిగ్గా చూడలేదు, నేల గురించే వాదించుకుంటూ కూర్చున్నాం.

ముందు నేను కిట్టించడానికి ప్రయత్నించాను. ఓడలో కృత్రిమ గురుత్వాకర్షణ ఉంటుంది కదా, నేల కింద దానికి సంబంధించిన పలకలు ఉంటాయి కదా, అవే వీళ్ళని పట్టుకుని ఉంటాయి అన్నాను. నోట్‌బుక్‌లో బొమ్మ కూడా గీశాను. వాడు ఆ బొమ్మలో కిందికి ఒక బాణం గీసి ఇచ్చేశాడు. గురుత్వాకర్షణ కిందికి లాగుతుంది, పైకి మోయదు. మనం నిలబడగలిగేది నేల మనల్ని పైకి తోస్తుంది కాబట్టి. మన బూటు అణువుల్లోని ఎలక్ట్రాన్లు, నేల అణువుల్లోని ఎలక్ట్రాన్లు ఒకదాని చోటులోకి ఒకటి రానివ్వవు. గోడ మనల్ని ఆపేది కూడా సరిగ్గా అందుకే. గోడకి లేని బలం నేలకి ఉండదు. పైగా ఆ పలకలు పనిచేస్తే పరిస్థితి ఇంకా ఘోరం. భూమి మీద ఉన్నంత ఆకర్షణే ఉంటే మూడు మీటర్లు పడటానికి 0.8 సెకను కూడా పట్టదు. ఎంటర్‌ప్రైజ్‌లో 42 అంతస్తులు. రో నోరు తెరిచి ఒక మాట పూర్తి చేసేలోపు కింది అంతస్తుకో, ఆ కింది దానికో చేరిపోయి ఉండాలి.

ఇక మీ రెండో ప్రశ్న, ఊపిరి. ఆక్సిజన్ వాళ్ళ రక్తంలోకి ఎక్కుతోందంటే గాలి వాళ్ళ శరీరాన్ని తాకుతున్నట్టే. మీరు అడగనిది ఇంకోటి ఉంది: చూపు. మనం చూడాలంటే కంటి వెనకున్న రెటీనా కాంతిని పట్టుకోవాలి. కాంతి వాళ్ళలోంచి ఆగకుండా దాటిపోతోంది కాబట్టే ఇతరులకి కనపడటం లేదు. అలాంటప్పుడు వాళ్ళకీ ఏమీ కనపడకూడదు, చిమ్మచీకటే. కళ్ళు కనపడని జోర్డీ చూడటానికి పెట్టుకునే వైజర్ అనే పరికరానికీ ఇదే వర్తిస్తుంది, అది కూడా బయటి నుంచి వచ్చే తరంగాలనే పట్టుకోవాలి. వినికిడి కూడా అంతే. గాలి వాళ్ళ చెవిలోని కర్ణభేరిని కదిలించగలిగితే, వాళ్ళ స్వరపేటిక గాలిని కదిలించగలగాలి. అప్పుడు వాళ్ళు అరిస్తే అందరికీ వినపడాలి.

నాకు ఈ ఎపిసోడ్ మీద కోపం పోయింది ఇక్కడే. నేల, గాలి, చూపు, మాట అన్నీ వేరువేరు లొసుగులని చాలాకాలం అనుకున్నాను. ఒకసారి నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకుంటే అన్నీ ఒకటేనని అర్థమైంది. నువ్వు దేన్నైనా తోస్తే అది నిన్ను అంతే బలంతో తిరిగి తోస్తుందన్న న్యూటన్ మూడో సూత్రం వీళ్ళ విషయంలో పనిచేయడం లేదు. ప్రపంచం వాళ్ళని చేరుతోంది, వాళ్ళు ప్రపంచాన్ని చేరలేకపోతున్నారు. ఈ కథ చెప్పాలనుకున్నది కూడా అదే కదా! పక్కనే నిలబడి అందరినీ చూస్తూ, అందరి మాటలూ వింటూ, ఒక్క మాట కూడా చెప్పలేకపోవడం. ఆ లొసుగు పూడ్చేస్తే జోర్డీ, రో ఇద్దరూ చీకట్లో, నిశ్శబ్దంలో, ఊపిరాడక, అంతస్తులు దాటుకుంటూ అంతరిక్షంలోకి పడిపోవాలి. కథ రెండు నిమిషాల్లో అయిపోతుంది.

అలాగని రచయిత రొనాల్డ్ డి. మూర్ తాను పెట్టిన రూల్స్‌ని పూర్తిగా గాలికి వదిలేయలేదు. జోర్డీ, రో ఒకరినొకరు ముట్టుకోగలరు. వాళ్ళలాగే మారిపోయిన రోములన్ ఒకడు వెంటపడితే అతనితో పెనుగులాడగలరు. జోర్డీ వాడిని తోస్తే వాడు ఓడ గోడలోంచి సరాసరి అంతరిక్షంలోకి వెళ్ళిపోతాడు. ఒకే స్థితిలో ఉన్నవాళ్ళ మధ్య బలం పనిచేస్తుంది, గోడ మాత్రం ఆపదు. పొంతన ఉంది. ఆకలి విషయం కూడా మరిచిపోలేదు, చివర్లో జోర్డీ రెండు రోజులుగా ఏమీ తినలేదంటూ ఆబగా తింటాడు. (ఊపిరి గురించి మాట్లాడకుండా ఆకలి గురించి మాట్లాడారని మా తమ్ముడి అభ్యంతరం ఇప్పటికీ ఉంది. న్యాయమైనదే.)

నా మట్టుకు నేను లొసుగు ఉందా లేదా అని కాకుండా, అది కథలో ఎక్కడ ఉందని చూస్తాను. పోలిక కోసం బ్రిటిష్ టీవీ సిరీస్ ‘డాక్టర్ హూ’లో 2014 అక్టోబర్‌లో వచ్చిన ‘కిల్ ద మూన్’ చెబుతాను. అందులో చంద్రుడు ఒక గుడ్డు. లోపలి ప్రాణి పెరుగుతున్న కొద్దీ చంద్రుడి బరువు 130 కోట్ల టన్నులు పెరిగి, భూమ్మీద సముద్రాలు అల్లకల్లోలమవుతాయి. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ చంద్రుడి అసలు బరువు దాదాపు 7.35 లక్షల కోట్ల కోట్ల టన్నులు. భాగించి చూశాను: 60 కిలోల మనిషి ఒక మైక్రోగ్రాము లావెక్కినట్టు! దానికి ఒక్క అల కూడా అదనంగా లేవదు. అసలు గుడ్డులో పిల్ల పెరిగితే గుడ్డు బరువు పెరగదు, లోపల ఉన్నదే పిల్లగా మారుతుంది. తర్వాత, ఆ ప్రాణిని చంపాలా వద్దా అన్నది భూమ్మీద జనం ఇళ్ళలో లైట్లు ఆర్పి చెప్పాలంటారు. చంద్రుడి మీద నుంచి ఒకసారికి భూమిలో ఒక సగమే కనపడుతుంది, అందులోనూ చీకటిగా ఉన్న భాగంలోనే లైట్లు తెలుస్తాయి. మిగతావాళ్ళ ఓటు ఏమైనట్టు?

ఇది నేను క్షమించలేకపోయాను. ఆ ఎపిసోడ్ మనల్ని ఒక పెద్ద ధర్మసంకటంలో నిలబెడుతుంది, ఒక ప్రాణమా, భూమ్మీద ఉన్న అందరి ప్రాణాలా అని. ఆ టెన్షన్ అంతా నిలబడింది పెరిగిన బరువు మీద, ఆ ఓటు మీద. ఆ రెండూ అతకనప్పుడు నాకు ఎవరి మీదా జాలి కలగలేదు, భయమూ వేయలేదు. క్యాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాను. ‘ద నెక్స్ట్ ఫేజ్’లో అలా జరగలేదు.

స్టార్ ట్రెక్ బృందానికి ఇవి తెలియక కాదు. ట్రాన్స్‌పోర్టర్ పనిచేయడానికి హైజెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రం (ఒక కణం ఎక్కడుందో, ఎలా కదులుతోందో రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవన్నది) అడ్డొస్తుందని తెలిసే, ‘హైజెన్‌బర్గ్ కంపెన్సేటర్’ అని ఒక పరికరాన్ని పెట్టుకున్నారు. అదెలా పనిచేస్తుందని అడిగితే, ఆ సిరీస్‌కి డిజైన్లు చేసిన మైకేల్ ఒకుడా “చాలా బాగా పనిచేస్తుంది, థాంక్యూ” అన్నారు. నేలకి కూడా అలాంటి పేరేదో పెట్టి ఒక్క డైలాగ్ చెప్పించి ఉంటే మనం నోరు మూసుకునేవాళ్ళమేమో. అయినా చెప్పించకపోవడమే మంచిదైందని నాకు అనిపిస్తుంది. చెబితే అందరి చూపూ బూట్ల మీదికే పోయేది.

మీకు వీలుంటే షటిల్ సీన్ మళ్ళీ ఒకసారి చూడండి. మనిషి రూపంలోని యంత్రమైన డేటా, అతని సహచరుడు వర్ఫ్ ఒక చిన్న వాహనంలో, అంటే షటిల్‌లో, రోములన్ ఓడకి వెళుతుంటారు. జోర్డీ కూడా అదే షటిల్‌లో ఉన్నాడు, వాళ్ళకి తెలియదు. జోర్డీ తనని తొలిరోజు నుంచీ మనిషిలాగే చూశాడని, స్నేహమంటే ఏమిటో అతని వల్లే తెలిసిందని డేటా వర్ఫ్‌తో చెబుతాడు. జోర్డీ మౌనంగా వింటూ ఉంటాడు. ఆ షటిల్ వేగం పుంజుకున్నప్పుడు వెనక గోడ జోర్డీని ఎలా మోసుకెళ్ళింది, అతన్ని అంతరిక్షంలో వదిలేసి తనొక్కటే ముందుకి పోవాలి కదా అన్నది నాకు ఏడోసారి చూసేటప్పుడు తట్టింది. దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. మీకేమైనా తడితే రాయండి, మా తమ్ముడికి పంపిస్తాను.