టెస్ట్ ప్యాచ్‌లో (టెస్ట్ కోడ్‌కి పంపే మార్పుల్లో) వేరియబుల్ డిక్లరేషన్ల మీద కూడా రివ్యూ అవసరమా?

అవసరమే, కానీ ప్రతిదాని మీదా కాదు. "టెస్ట్ కోడే కదా, కస్టమర్‌కి వెళ్లేది కాదు, వేరియబుల్ ఎక్కడ ఎలా డిక్లేర్ చేస్తే ఏంటి" అని ఒకరు అడిగారు. నేను తిరుపతిలో చిన్న ఎంబెడెడ్ టీమ్‌లో పనిచేస్తాను. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల నుంచి కొత్తగా వచ్చిన పిల్లల ప్యాచ్‌లు ఎక్కువగా నా దగ్గరికే వస్తాయి, వాటిలో నేను ముందు చదివేది ఫంక్షన్ మొదట్లో ఉండే ఆ నాలుగు డిక్లరేషన్ లైన్లే.

ఒక ప్యాచ్‌లో పైనే "ఇంట్ రెట్ = 0" అని ఉంది. కింద డివైస్ ఫైల్ ఓపెన్ కాకపోతే గోటుతో నేరుగా చివరికి పోయి రెట్‌ని రిటర్న్ చేస్తోంది, మధ్యలో దానికి ఏ విలువా ఇవ్వలేదు. 0 అంటే పాస్ కాబట్టి, బోర్డులో ఆ డివైసే లేకపోయినా టెస్ట్ పాస్! టెస్ట్‌లో ఇంతకంటే పెద్ద తప్పు ఏముంటుంది? ఆ సున్నా తీసేసి, వార్నింగ్‌లు, ఆప్టిమైజేషన్ రెండూ ఆన్ చేసి కంపైల్ చేయమన్నాను, రెట్‌కి విలువ లేకుండా పోయే ఆ దారిని జీసీసీ కంపైలరే పట్టి చూపించింది (ఆప్టిమైజేషన్ లేకపోతే ఈ రకం వార్నింగ్ చాలాసార్లు రాదు, ఇది గుర్తుపెట్టుకోండి). డివైస్ లేకపోతే ఇవ్వాల్సింది స్కిప్ (టెస్ట్ జరపలేదు అని). లైనక్స్ కెర్నల్‌తో పాటే వచ్చే టెస్టులైన సెల్ఫ్‌టెస్టుల్లో పాస్ 0, ఫెయిల్ 1, స్కిప్ 4.

అలాగని మొదట్లో విలువ ఇవ్వడమే తప్పని కాదు. ఫైల్ డిస్క్రిప్టర్‌కి (ఓపెన్ చేసిన ఫైల్‌కి సిస్టమ్ ఇచ్చే నంబరుకి) -1 ఇస్తే మంచిదే, ఎందుకంటే 0 అంటే స్టాండర్డ్ ఇన్‌పుట్, క్లీనప్‌లో పొరపాటున దాన్నే క్లోజ్ చేసేస్తాం.

ఇక పొడుగు లైను పైన, పొట్టి లైను కింద అనే రివర్స్ క్రిస్మస్ ట్రీ వరస కెర్నల్‌లో ముఖ్యంగా నెట్‌వర్కింగ్ వాళ్లు అడుగుతారు. మిగతాచోట్ల ఆ ఫైల్లో ముందు నుంచి ఎలా ఉందో అలాగే రాయండి, దాని గురించి వాదన పెట్టుకోకండి. 2022లో 5.18 వెర్షన్‌తో కెర్నల్ సీ11కి (సీ భాష 2011 ప్రమాణానికి) మారింది కాబట్టి ఫర్ లూప్ లోపలే లూప్ వేరియబుల్ ఐని డిక్లేర్ చేయొచ్చు. బ్లాక్ మధ్యలో డిక్లరేషన్లు మాత్రం ఇప్పటికీ ప్యాచ్‌లు చూసి తీసుకునే చాలామంది మెయింటెయినర్లకి నచ్చవు.

పాత డిక్లరేషన్లు సర్దాలనిపిస్తే వేరే ప్యాచ్‌గా పంపండి. లాజిక్ మార్పుతో కలిపేస్తే ఏ లైను వల్ల రిజల్ట్ మారిందో చూసేవాళ్లకే అర్థం కాదు, ఆ తర్వాత బైసెక్ట్ చేసేవాళ్లకి (ఏ మార్పుతో తప్పు వచ్చిందో పాత వెర్షన్లలో వెతికేవాళ్లకి) అసలే కాదు.