మాట్లాడనిస్తే కదా మాట్లాడేది!

ప్రశ్న: మా అబ్బాయి నరసరావుపేట దగ్గర బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కోడింగ్ బాగానే చేస్తాడు, నలుగురిలో నోరు విప్పడు. అమీర్‌పేటలో సాఫ్ట్ స్కిల్స్ కోర్సుకు 35 వేలు అడుగుతున్నారు. చేర్పించమంటారా, ఆ డబ్బుతో ఇంకో కోడింగ్ కోర్సు మేలా? - ఒక తండ్రి

జవాబు: ఇంగ్లిష్ మీడియం పిల్లల ముందు మావాడు తేలిపోతాడేమోనన్నది కదా మీ అసలు టెన్షన్! అంత భయం అక్కర్లేదు. ఇంగ్లిష్ కాస్త తడబడినా చెప్పే విషయం అర్థమైతే ఉద్యోగ ఇంటర్వ్యూ టెక్నికల్ రౌండ్‌లో నెట్టుకు రావచ్చు. అక్కడ గమనించేవి వేరే. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాడా, తోచింది రాసేస్తాడా? ఏం ఆలోచిస్తున్నాడో పైకి చెబుతాడా? తెలియనిది తెలియదంటాడా? ‘ఈ ప్రాజెక్టులో నువ్వు చేసిందేమిటి’ అనగానే చాలామంది దొరికిపోతారు, అది డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టు కాబట్టి. అక్కడ ఏ స్పోకెన్ ఇంగ్లిషూ ఆదుకోదు. ఉద్యోగంలో చేరాక రోజూ టీమంతా కాసేపు కలిసే స్టాండప్ మీటింగ్‌లో నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను అని చెప్పాలి. ఆ మూడోది చెప్పలేకే కొత్తవాళ్లు ఇబ్బంది పడతారు.

ఈ కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. టై కట్టుకోవడం, షేక్‌హ్యాండ్ ఇవ్వడం, ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కు బట్టీ జవాబు. వరసగా పదిమంది అదే పాఠం అప్పజెబితే అవతలివాళ్లు పసిగట్టరా? పైగా గూగుల్ పేరు చెబుతారు. 2008లో అక్కడ మొదలైన ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ అనే అధ్యయనంలో ఎనిమిది మంచి లక్షణాలు తేలితే సాంకేతిక నైపుణ్యం చిట్టచివర నిలిచిన మాట నిజమే. కానీ అది మేనేజర్ల లెక్క. కోడ్ రాని ఫ్రెషర్‌కు దాన్ని చూపించి ధైర్యం చెప్పడం మోసమే.

సార్, ఒక మాట అంటాను, ఏమీ అనుకోవద్దు. మొన్న మనం ఫోన్‌లో మాట్లాడినప్పుడు బాబు మీ పక్కనే ఉన్నాడు. నాలుగు ప్రశ్నలు తననే అడిగాను, నాలుగింటికీ మీరే జవాబిచ్చారు. ‘ఏ సబ్జెక్టు ఇష్టం’ అన్నదానికి కూడా! ఇరవై ఏళ్లవాడండీ. బ్యాంకుకీ కరెంటాఫీసుకీ ఒక్కడినే పంపండి. రాత్రి అన్నాల దగ్గర, ఆ రోజు రాసిన ప్రోగ్రాం ఏం చేస్తుందో వాళ్లమ్మకు తెలుగులోనే చెప్పమనండి. ఆమె అడ్డుప్రశ్నలు వేస్తే ఇంకా మంచిది. మీరు మాత్రం మధ్యలో అందుకోవద్దు. తెలుగులో వరసగా చెప్పడం వచ్చినవాడు ఇంగ్లిష్‌లోకి మెల్లగా మార్చుకుంటాడు, ఇంకా ఏడాది పైనే ఉంది.

ఏ కోర్సు మేలని కదా అడిగారు? ప్రస్తుతానికి రెండూ వద్దు. వచ్చే వారం బాబునే ఫోన్ చేయమనండి. ఆ టైముకి మీరు అలా బజారుకెళ్లి రండి.