ఆఖరి నవల నుంచే మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్ సిరీస్ ‘ది ఎక్స్‌పాన్స్’ ఆరు సీజన్లూ చూసిన. దానికి మూలమైన నవలల్లో చివరిది ‘లెవియథన్ ఫాల్స్’ నేరుగా చదివితే సమజైతదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కష్టమే. 2021లో వచ్చిన ఆ నవల వరుసలో తొమ్మిదోది. తెర మీది కథ ఆరో నవల ‘బాబిలాన్స్ యాషెస్’ దగ్గరే ఆగింది. ఆ తర్వాత సుమారు ముప్పై ఏళ్లు గడిచిపోతాయి. ఏడోది ‘పర్సెపొలిస్ రైజింగ్’, ఎనిమిదోది ‘టియామాట్స్ రాత్’ వదిలేస్తే లకోనియా సామ్రాజ్యం అంత బలం ఎలా పుంజుకుందో, తెరెసా ఎవరో తెలియదు. ఇంకో చిక్కు: అయిదో సీజన్‌లో చనిపోయిన ఓడ పైలట్ అలెక్స్ నవలల్లో బతికే ఉంటాడు! ఆరో సీజన్‌లో చూసిన కారా అనే అమ్మాయి, ఆమె తమ్ముడి కథ ‘స్ట్రేంజ్ డాగ్స్’ను ఏడో నవలకు ముందే చదవండి, తొమ్మిదోదానిలో అది బాగా అక్కరకొస్తుంది. అది ‘మెమొరీస్ లీజియన్’ సంపుటిలో ఉంది. అదే సంపుటిలోని చివరి కథను మాత్రం ముట్టుకోకండి, అది తొమ్మిదో నవల తర్వాతిది. ఓపికుంటే మొదటి నవల నుంచి చదవడమే మేలు.

ప్రశ్న: ఆ సిరీస్‌లో అంతరిక్ష ఓడలు సగం దారిలో తోక ముందుకు వచ్చేలా తిరుగుతాయెందుకు?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: బ్రేకు కోసం. అంతరిక్షంలో ఇంజిన్ ఆపినా వేగం తగ్గదు. అందుకే సగం దూరంలో ఓడను తిప్పి, అంతే బలంతో ఎదురు దిశలో ఇంజిన్ మండిస్తారు. 15 కోట్ల కిలోమీటర్లకు భూమి గురుత్వమంత త్వరణంతో దాదాపు 69 గంటలు, మూడో వంతు త్వరణంతో అయిదు రోజులు పడుతుంది. తిప్పడం ఆలస్యమైతే గమ్యాన్ని దాటిపోతారు.